పొట్టకీ కౌంట్‌కీ సంబంధం ఉందా? జిమ్‌లో చెప్పిన ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇది. మీకు 33 ఏళ్లు, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. పెళ్లయి మూడేళ్లు, రెండేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నారు. మీ భార్యకు 30, ఆవిడ పరీక్షలన్నీ బాగున్నాయి. మీ వీర్యపరీక్షలో కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, మిల్లీలీటరుకు 11 మిలియన్లు, కదలిక 28 శాతం. డాక్టరుగారు "బరువు తగ్గి రండి" అని ఒక్క మాటతో పంపేశారు. జిమ్ ట్రైనరేమో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేసుకుంటే పొట్టా తగ్గుతుంది, కౌంటూ పెరుగుతుందని అంటున్నాడు. మీకన్నా లావుగా ఉండే మీ అన్నయ్యకు ఇద్దరు పిల్లలు. కాబట్టి బరువు అనేది డాక్టర్లు చెప్పే సాకేనా అని మీ అనుమానం.

ఇంజెక్షన్ సంగతి ముందు తేల్చేద్దాం. మిగతావన్నీ నింపాదిగా చూసుకోవచ్చు, అది మాత్రం రేపు సాయంత్రమే జరిగిపోవచ్చు. వేయించుకోకండి. జెల్ అన్నా, మాత్ర అన్నా, "నేచురల్ బూస్టర్" అని పేరులేని డబ్బా ఇచ్చినా వద్దు.

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా మగవాళ్ల సంతాన సమస్యలే చూస్తున్నాను. పోయిన ఏడాది 29 ఏళ్ల కుర్రాడు ఒకడు భార్యతో వచ్చాడు. మనిషి చూడడానికి సినిమా పోస్టర్‌లా ఉన్నాడు. రిపోర్టులో కౌంట్ సున్నా. రెండోసారి చేయించినా సున్నా. ఏమైనా ఇంజెక్షన్లు వాడారా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. భార్య బిల్లు కట్టడానికి బయటికి వెళ్లాక చెప్పాడు, ఎనిమిది నెలలుగా వారానికొకటి వేయించుకుంటున్నానని. ఎందుకు మొదలుపెట్టావయ్యా అంటే, పిల్లలు పుట్టడం లేదని! కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అచ్చంగా ఇక్కడిదే. మానేశాక నాలుగో నెలలో కూడా సున్నానే. పదో నెలకు 14 మిలియన్లకు వచ్చింది. అతనిది అదృష్టం. ఏడాదిన్నర, రెండేళ్లు పట్టినవాళ్లను చూశాను, మునుపటి స్థాయికి రానివాళ్లనూ చూశాను.

టెస్టోస్టిరాన్ మగవాళ్ల హార్మోనే కదా, అది ఇస్తే వీర్యకణాలు పెరగాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇది అర్థమైతే మీ పొట్ట సంగతి కూడా అర్థమవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మన ఇళ్లమీద నీళ్ల ట్యాంకుకు సెన్సర్ పెట్టించుకుంటాం చూడండి. ట్యాంకు ఖాళీ అయితే మోటారు తిరుగుతుంది, నిండితే ఆగిపోతుంది. శరీరంలో ఆ సెన్సర్ మెదడు. రక్తంలో హార్మోన్లు తగ్గినట్టు కనిపిస్తే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు సంకేతాలు పంపుతుంది. ఎల్‌హెచ్ అందుకుని వృషణాలు టెస్టోస్టిరాన్ తయారుచేస్తాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాలను పెంచి పోషించే కణాలను పని చేయిస్తుంది. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణం లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో ఉన్నదానికన్నా కొన్ని పదుల రెట్లు ఎక్కువ ఉండాలి. బోరు పక్కనే ఉన్న మడి అనుకోండి. మోటారు తిరిగినంతసేపే దానికి నీళ్లు. మీరు బయటినుంచి ట్యాంకర్ తెప్పించి పైన ట్యాంకు నింపేశారు. సెన్సర్ "నిండింది" అంది, మోటారు ఆగింది. ఇంట్లో కుళాయిల్లో నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయి, అంటే కండలు, హుషారు అన్నీ ఉన్నాయి. కింద మడి మాత్రం ఎండిపోయింది.

ఇది నా ఊహ కాదు. ఇదే ఇంజెక్షన్‌ను మగవాళ్లకు గర్భనిరోధకంగా వాడవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థే పరీక్ష చేయించింది. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. ఏ సమస్యా లేని 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాములు ఇస్తే, ఆరు నెలల్లోపే 157 మందికి కౌంట్ సున్నా అయింది. పిల్లలు పుట్టకుండా ఉండడానికి పరీక్షించిన మందును పిల్లలు పుట్టడానికి వాడమంటున్నాడు మీ ట్రైనర్. అతనికి తెలియక చెప్పి ఉంటాడు, తిట్టకండి. కానీ వినకండి.

ఇప్పుడు పొట్ట దగ్గరికి వద్దాం. కొవ్వు అంటే మూలన పడేసిన బస్తా అనుకుంటాం. కాదు, అది పని చేస్తూనే ఉంటుంది. అందులో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని పని టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా, అంటే ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్‌గా మార్చడం. మగవాళ్లందరిలోనూ ఇది కొంత జరుగుతుంది, జరగాలి కూడా. కొవ్వు పెరిగేకొద్దీ ఆ మార్పిడీ పెరుగుతుంది. మెదడులోని సెన్సర్‌కు ఈస్ట్రోజన్ కనిపించినా ట్యాంకు నిండినట్టే లెక్క. దాంతో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతాయి. ఇంజెక్షన్ మోటారును ఒక్కసారిగా ఆపేస్తే, పొట్ట దాన్ని కొంచెం కొంచెంగా నెమ్మదింపజేస్తుంది. తేడా అంతే. ఎక్కువ బరువుతో వచ్చే ఇన్సులిన్ గొడవ, లోపల సన్నగా రగిలే వాపు దీనికి తోడవుతాయి.

ఇక్కడ రిపోర్టు గురించి ఒక మాట. లావుగా ఉన్నవాళ్లలో రక్తంలో టెస్టోస్టిరాన్‌ను మోసుకెళ్లే ప్రొటీన్ కూడా తగ్గుతుంది. అందువల్ల "టోటల్ టెస్టోస్టిరాన్" అంకె ఉన్న పరిస్థితికన్నా ఘోరంగా కనిపించవచ్చు. ఆ ఒక్క అంకె చూసి కంగారుపడి ఇంజెక్షన్‌కు పరిగెత్తేవాళ్లు చాలామంది. ఆ పరీక్ష ఉదయం పది లోపు, పరగడుపున చేయించాలి. తక్కువ వస్తే ఇంకోరోజు మళ్లీ చేయించాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చిన శాంపిల్‌కు విలువ లేదు.

రెండో దారి వేడి. వృషణాలు ఒంటి వేడికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే దేవుడు వాటిని బయట వేలాడదీశాడు. తొడల దగ్గర, పొత్తికడుపు కింద కొవ్వు పేరుకుంటే వాటికి గాలి ఆడదు. దానికి తోడు రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చోవడం, బిగుతు జీన్స్, ఒళ్లో లాప్‌టాప్. అమెరికాలో 29 మంది మీద చేసిన ఒక చిన్న పరీక్షలో, గంటసేపు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుంటే అక్కడ రెండున్నర డిగ్రీలకు పైగా వేడి పెరిగింది. మన బెజవాడలో రోహిణి కార్తెలో లాప్‌టాప్ అక్కర్లేదనుకోండి! ఏమైనా, దాన్ని బల్ల మీద పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు.

మూడోది రిపోర్టులో కనిపించనిది. కౌంట్ బాగానే ఉన్నా వీర్యకణం మోసే డీఎన్‌ఏ దెబ్బతిని ఉండవచ్చు. గర్భం రాకపోవడానికీ, వచ్చినా నిలవకపోవడానికీ దీనికీ సంబంధం ఉంది. దానికి వేరే పరీక్ష ఉంది కానీ అందరికీ అవసరం లేదు. పదేపదే గర్భం పోతున్నప్పుడు అడిగి చేయించుకుంటే చాలు.

నాలుగోది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నెలలో ఎన్నిసార్లు కలుస్తున్నారు? నూరు కిలోలు దాటిన మనిషి రాత్రి గురక పెట్టి, పొద్దున్నే నిద్ర తీరక లేచి, మధ్యాహ్నం కునికి, రాత్రి అమెరికా వాళ్లతో కాల్స్ ముగించేసరికి భార్య నిద్రపోయి ఉంటుంది. బరువు, షుగర్, బీపీ కలిసి అంగస్తంభన మీద కూడా దెబ్బ కొడతాయి. నా దగ్గరికి వచ్చే జంటల్లో నెలకు రెండుసార్లే కలిసేవాళ్లు తక్కువేమీ కాదు. అలాంటప్పుడు కౌంట్ వంద ఉండి మాత్రం ఏం లాభం? మీకు గురక ఉందా అన్నది మిమ్మల్ని కాదు, మీ ఆవిడను అడగాలి. నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతున్నారని ఆవిడ అంటే స్లీప్ స్టడీ చేయించుకోండి. హార్మోన్లకు మంచి నిద్ర చాలా ముఖ్యం.

ఇక మీ అన్నయ్య సంగతి. నిజంగా మంచి ప్రశ్న. వానలో ఇద్దరూ తడుస్తారు, జలుబు ఒకరికే చేస్తుంది. వాన వల్ల కాదని అనలేం. 2013లో 21 అధ్యయనాలను, మొత్తం 13,077 మంది వివరాలను కలిపి లెక్క వేశారు. మామూలు బరువున్నవాళ్లతో పోలిస్తే ఊబకాయం ఉన్నవాళ్లలో కౌంట్ తక్కువ లేదా సున్నా ఉండే అవకాశం సుమారు 28 శాతం ఎక్కువ. బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును కొలిచే అంకె, 40 దాటినవాళ్లలో దాదాపు రెట్టింపు. అంటే ఏమిటి? లావుగా ఉన్న చాలామందికి కౌంట్ బాగానే ఉంటుంది, మీ అన్నయ్య వాళ్లలో ఒకరు. ఇప్పటికే కౌంట్ తక్కువగా ఉన్న మీకు మాత్రం బరువు అనేది చేతిలో ఉన్న, మార్చుకోగలిగిన కారణం. ఇంకో చిన్న పని చేయండి. మీ అన్నయ్య పెళ్లి ఆల్బమ్ తీసి చూడండి. పిల్లలు పుట్టినప్పుడు ఆయన ఇప్పుడున్నంత లావున్నారా? మనవాళ్లు పెళ్లయ్యాకే ఒళ్లు చేస్తారు, "అత్తారింటి తిండి పట్టింది" అని అందరూ సంతోషిస్తారు కూడా.

మీ బీఎంఐ 35. మన దేశం వాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009 నుంచే మన నిపుణులు గీత గీశారు. తక్కువ బరువుకే మనకు పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది కాబట్టి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తంమీద బీఎంఐ 25, ఆపైన ఉన్న మగవాళ్లు 22.9 శాతమైతే, ఆంధ్ర, తెలంగాణల్లో 30 శాతం పైనే. బీఎంఐ కన్నా నడుము కొలత నాకు ఎక్కువ నమ్మకం. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు. ప్యాంటు సైజు చెప్పకండి, అందరం పొట్ట కిందికి జార్చి కట్టేవాళ్లమే. టైలరు టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలవండి.

తగ్గితే నిజంగా లాభం ఉంటుందా? డెన్మార్క్‌లో చేసిన పరీక్ష ఒకటి 2022లో వెలువడింది. ఊబకాయం ఉన్న 56 మందికి ఎనిమిది వారాలు రోజుకు 800 కేలరీల ఆహారమే ఇచ్చారు. సగటున 16.5 కిలోలు తగ్గారు, వీర్యకణాల సాంద్రత దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువును నిలబెట్టుకున్నవాళ్లలోనే ఆ మెరుగు నిలిచింది. మళ్లీ పెరిగినవాళ్లలో పోయింది. 800 కేలరీలు మీరు ఇంట్లో చేసేది కాదు, అది డాక్టర్ల కనుసన్నల్లో జరగాల్సిన పని.

ఈ లెక్క మీకు పెట్టి చూడండి. 11కు ఒకటిన్నర రెట్లంటే 16, 17. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస సంఖ్య సరిగ్గా 16. మొత్తం కదలికకు 42 శాతం. ఇవి పరీక్షలో పాస్ మార్కులు కావు. ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్లను వరుసలో నిలబెడితే చివరి 5 శాతం మంది ఉన్నచోట గీసిన గీత అది. గీత కింద ఉన్నా తండ్రులైనవాళ్లు ఉన్నారు, పైన ఉన్నా కానివాళ్లూ ఉన్నారు. అందుకని బరువు తగ్గితే బిడ్డ ఖాయం అని నేను రాయలేను. తగ్గితే అవకాశం మెరుగవుతుంది. రేపు ఐవీఎఫ్ దాకా వెళ్లాల్సి వచ్చినా అప్పుడూ పనికొస్తుంది.

మీకు నేను పెట్టే లక్ష్యం ముందు పది కిలోలు, ఐదారు నెలల్లో. ఎలా అనేది మీకు తెలియనిదేమీ కాదు, క్లుప్తంగా రాస్తాను. పళ్లెంలో అన్నం సగం చేసి కూర, పప్పు రెట్టింపు చేయండి. రాత్రి పదకొండు గంటల బిర్యానీ ఆర్డర్లు ఆపండి. టీలో రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు ఐదు టీలంటే దగ్గర దగ్గర 200 కేలరీలు టీలోనే పోతున్నాయి. నడక, బరువులెత్తడం రెండూ మంచివే, జిమ్ మానక్కర్లేదు. ప్రొటీన్ పొడి పేరున్న కంపెనీది అయితే పర్వాలేదు. లేబుల్ సరిగా లేని డబ్బాల్లో స్టిరాయిడ్లు కలిపి అమ్మడం ఉంది, వాటి జోలికి పోవద్దు. సిగరెట్, గుట్కా ఉంటే బరువుకన్నా ముందు అవి మానాలి.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాక "డాక్టర్, ఆ ఇంజెక్షనైనా తీసుకోవచ్చా" అని రోజూ అడుగుతున్నారు. అవి టెస్టోస్టిరాన్ కాదు, ఆకలి తగ్గించే మందులు, రెంటినీ కలగాపులగం చేయకండి. మీ బీఎంఐకి డాక్టరు రాస్తే వాడవచ్చు. కానీ మీ ఆవిడ కూడా బరువు తగ్గాలని అదే మందు మొదలుపెడితే సంగతి వేరు. వెగోవీలాంటి సెమాగ్లూటైడ్ మందును ఆడవాళ్లు గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఇక బరువు తగ్గించే ఆపరేషన్ విషయంలో వీర్యకణాల ఫలితాలు ఒకేలా లేవు, కొందరిలో మెరుగు, కొందరిలో తగ్గుదల. చేయించుకునే ఉద్దేశం ఉంటే ముందుగా వీర్యం భద్రపరచుకోండి.

"కౌంట్ పెంచే" మాత్రల మీద నెలకు రెండు మూడు వేలు పోస్తున్నారా? మీరు రాయలేదు కానీ ఎక్కువమంది పోస్తారు. 2020లో అమెరికాలో 2,370 జంటల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. భర్తలకు ఆరు నెలలు ఫోలిక్ యాసిడ్, జింక్ ఇస్తే కౌంట్‌లో గానీ పుట్టిన పిల్లల సంఖ్యలో గానీ తేడా రాలేదు. ఆ డబ్బుతో కూరగాయలు, చేపలు కొనుక్కోండి. హార్మోన్ల లెక్క తేడాగా ఉన్నవాళ్లకు క్లోమిఫీన్, లెట్రోజోల్ లాంటివి మేమే రాస్తాం. అవి ట్యాంకర్ పోసే రకం కాదు, మోటారును మళ్లీ తిప్పే రకం. అయినా మందుల షాపులో అడిగి కొనుక్కునేవి మాత్రం కావు.

ఇంతా చెప్పాక మీ డాక్టరుగారి మాటకు ఒక చిన్న అభ్యంతరం. "బరువు తగ్గి రండి" అనడం తప్పు కాదు. పరీక్షించకుండా అనడం తప్పు. కొన్నేళ్ల క్రితం ఒకాయన ఇలాగే ఇంకోచోట విని, నిష్ఠగా ఏడు నెలల్లో 14 కిలోలు తగ్గి నా దగ్గరికి వచ్చాడు. కౌంట్ ఉన్నచోటే ఉంది. పడుకోబెట్టి, నిలబెట్టి చూస్తే ఎడమవైపు వృషణం పైన నరాలు వానపాముల్లా ఉబ్బి ఉన్నాయి. వేరికోసీల్. లావుగా ఉన్నప్పుడు అది చేతికి సరిగా అందదు, స్కాన్‌లోనే తెలుస్తుంది. ఆపరేషన్ అయ్యాక పరిస్థితి మారింది. ఈలోగా వాళ్లావిడకు 36 దాటింది, ఆ ఏడు నెలలూ ఆవిడవే. మీ ఆవిడకు 30 కాబట్టి మీకు ఆరు నెలల వ్యవధి ఉంది. అదే 35 దాటి ఉంటే బరువు తగ్గడం, చికిత్స రెండూ పక్కపక్కనే నడపమని చెప్పేవాణ్ని.

కాబట్టి ఇప్పుడే మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టుకో, యూరాలజిస్టుకో చూపించుకుని స్కాన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయోల్, ప్రొలాక్టిన్, థైరాయిడ్, షుగర్ చేయించండి. వీర్యపరీక్ష కూడా రెండోసారి కావాలి, ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చను. కలయికకు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా విరామం ఇచ్చి శాంపిల్ ఇవ్వండి. మొదటి చుక్కలు డబ్బా బయట పడితే సిగ్గుపడకుండా ల్యాబ్‌లో చెప్పండి, ఎక్కువ కణాలు వాటిలోనే ఉంటాయి. బరువు తగ్గడం మొదలుపెట్టిన నెలకే కౌంట్ చూసుకుని నిరాశపడొద్దు. ఒక వీర్యకణం తయారవడానికే సుమారు 74 రోజులు, బయటికి వచ్చే దారిలో ఇంకో రెండు వారాలు. ఈరోజు మీరు మానేసిన బిర్యానీ లెక్క మూడు నెలల తర్వాతే రిపోర్టులో కనిపిస్తుంది.

అదే లెక్కన ఇంకో సంగతి. మొన్న ఆ పరీక్షకు ముందు రెండు మూడు నెలల్లో మీకు డెంగీ గానీ, గట్టి వైరల్ జ్వరం గానీ వచ్చిందా? వచ్చి ఉంటే ఆ 11 అనే అంకెలో కొంత ఆ జ్వరం పుణ్యమే కావచ్చు. జ్వరం ఏ నెలలో వచ్చిందో, పరీక్ష ఏ తేదీన చేయించారో చూసి రాయండి.